పంటు బాబాయిగారి పది నిమిషాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. తెలియకపోవడమన్నది ఆ తర్వాత, జీతం పెరిగేకొద్దీ మెల్లగా మొదలవుతుంది. నా మొదటి ఉద్యోగం అమలాపురంలో, మందుల షాపు పైన రెండు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీలో. (మా అమ్మ చుట్టాలతో సాఫ్ట్‌వేర్ దాకా చెప్పి, మందుల షాపు దగ్గర మాట మార్చేసేది.) సఖినేటిపల్లి రేవు దగ్గర రొయ్యలు కొనే ఒక కంపెనీ, చెరువులో రొయ్య పట్టిన రోజున ఐసు లారీని మేం రాసిన సాఫ్ట్‌వేర్‌లోనే బుక్ చేసేది. దాని పాస్‌వర్డు వాళ్ల లారీ నంబరు. లారీకి ముందూ వెనకా రాసున్న ఆ నంబరు కొట్టి ఎవడో ఆకతాయి లోపలికి దూరి, లేని చెరువుకి లారీ పంపించేశాడు. ఇంకో తాళం పడితేగాని ఆ బుకింగులు నమ్మమనీ, ఫోన్లో చెబితే అసలే కదలమనీ ఐసు ఫ్యాక్టరీవాళ్లు భీష్మించుకున్నారు.

ఆ తాళం వేసే పని నా మీద పడింది. పాస్‌వర్డు కొట్టాక, ఫోనులో అర నిమిషానికోసారి మారే కోడు కూడా అడిగేలా చేశాను. చేశానంటే, ఎవరో పుణ్యాత్ములు రాసి ఉచితంగా పెట్టిన ప్రోగ్రామింగ్ లైబ్రరీని తెచ్చి అతికించానంతే. కానీ స్కూటీ మీద రేవుకి వెళుతుంటే గోదావరికి ఆనకట్ట కట్టింది నేనే అన్నంత గొప్పగా ఉంది.

అక్కడి మేనేజరుగారిని అందరూ పంటు బాబాయిగారనేవారు. రోజూ నరసాపురం ఒడ్డు నుంచి, మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటెక్కి గోదావరి దాటి వచ్చేవారాయన. నేను వెళ్లేసరికి ఆయన ఎదుట ఒక చెరువు రైతు, మావాళ్ల వరసలో నాకు పిన్ని, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నిలబడి ఉంది. మబ్బు పట్టి, నీళ్లలో గాలి చాలక ఆవిడ చెరువులో రొయ్య పైకి తేలిపోతోంది. వలలు, మనుషులు సిద్ధం. ఐసు ఒక్కటే రావాలి. బాబాయిగారు కోడు కొట్టారు. తప్పంది. మళ్లీ కొట్టారు. మళ్లీ తప్పంది.

"నెమ్మదిగా చూసి కొట్టండి బాబాయిగారూ" అన్నాను, చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పే గొంతుతో.

"చూసే కొడుతున్నానండి ఇంజినీరమ్మగారూ. ఇదే వద్దంటంది."

"అమ్మాయ్, నీ తాళం మండిపోను, నాలుగు నెలల కష్టమే పోతంది" అంది పిన్ని. మా బాస్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"పదిన్నరైపోయిందండి, రొయ్య ఇంకెంతసేపాగుద్ది" అన్నారు బాబాయిగారు తన ఫోను చూసుకుంటూ. నా ఫోను చూసుకున్నాను. పదీ ఇరవై.

"మీ ఫోను ముందుందేమిటండీ?"

"ఆయ్, నేనే పెట్టుకున్నానండి. పంటు తప్పిపోకుండా."

ప్రాణం లేచొచ్చింది. ఆ కోడు టైముని బట్టి పుడుతుంది. ఈయన ఫోను పాపం పది నిమిషాల తర్వాత రావలసిన కోడుని ఇప్పుడే ఇస్తోంది. టైము సరిచేయమన్నాను. ఆయన ఫోను గుండెకి ఆనించుకున్నారు.

"మా అమ్మాయి నేలన పడ్డ రోజున ఆఖరి పంటు తప్పిపోయిందండి. అవతలొడ్డున దీపాలు చూస్తా ఈ రేవులోనే తెల్లారబెట్టేను. అప్పట్నుంచీ ఇదేనండి. ఇది తీసేస్తే నాకు కాలూ చెయ్యీ ఆడదు."

ఆయనే పిన్ని వంక ఒకసారి చూసి, ఫోను నా చేతిలో పెట్టి, "ఇవాల్టికి మార్చీండమ్మా" అన్నారు. మార్చాను. కోడు పడింది. కాసేపటికి లారీ కదిలిందని కబురొచ్చింది, పిన్ని చెరువుకి పరుగెత్తింది. సాయంత్రానికి రొయ్యంతా ఐసులోకి చేరింది. ఆ సంతోషంలో ఆయన ఫోను టైము మళ్లీ పది నిమిషాలు ముందుకి జరిపే సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఫోను ఏ టైము చూపించినా అందులోంచి పది నిమిషాలు తీసేసుకోవడం ఆయనకి ఏళ్లనాటి అలవాటు. అలాగే తీసేసుకుని, ఇంకా బోలెడు టైముందని తీరిగ్గా టీ తాగి రేవులోకి దిగేసరికి ఆఖరి పంటు నది మధ్యలో ఉంది. ఆయన్ని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిప్పి నరసాపురం తీసుకెళ్లాను. దారిలో, "అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేనండి. ఈసారి పంటు తప్పిపోయినా వచ్చేత్తన్నానని" అన్నారు. ఆయన నవ్వుతున్నారని గొంతులోనే తెలిసింది.

మర్నాడు కోడు కోసం ఆఫీసులో ఇంకో ఫోను పెట్టించి, ఆయన ఫోను టైము నా చేత్తోనే మళ్లీ ముందుకి జరిపాను. ఇప్పుడు నేనుండే నగరంలో గోదావరి లేదు, పంటూ లేదు. కొత్తగా చేరిన పిల్లలకి టైము సరిగ్గా లేకపోతే కోడు పడదని క్లాసులు పీకుతుంటాను. వాళ్లు మా ఇంటికొచ్చినప్పుడు గోడ గడియారం చూసి, "మేడమ్, ఇది పది నిమిషాలు ముందుంది" అంటారు.

"ఆయ్, తెలుసండి" అంటాను.