గాజుల చప్పుడు పడిన రికార్డు

గాలి వీచి ఆగినట్టు, మళ్ళీ వీచినట్టు ఒక చప్పుడు. ఎండిన జొన్నచేలో ఎవరో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నట్టుంది. ఆలూరు దగ్గరి ఆ పల్లెలో, ఆరోగ్య కేంద్రం గడపలోనే అది నాకు వినిపించింది. లోపల ఆశా కార్యకర్త రామేశ్వరమ్మ స్పీకరు పెట్టిన ఫోను చెవి దగ్గర పట్టుకుని కూర్చుని ఉంది.

"తల్లి నెత్తురు సార్. గర్భసంచికి పోతాండాది" అంది.

పొత్తికడుపు పక్కన చిన్న యంత్రం ఆనిస్తే ఆ పారుదల వినిపిస్తుంది. ఫోనులో రికార్డు చేసి పంపితే, బిడ్డకు రక్తం సరిగా అందుతోందో లేదో, తల్లికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందో కర్నూలులో డాక్టరమ్మ విని చెబుతుంది. "మా కడుపులకు రేడియో పెడతాండాదమ్మా" అని ఊరి ఆడవాళ్ళు నవ్వేవారట.

పోయిన ఎండాకాలం భువనకు ఏడో నెల. రికార్డు చెయ్యడానికి ముందురోజే సీమంతం చేసి, రెండు చేతులకూ నిండుగా పచ్చగాజులు తొడిగారు. చీర పక్కకు పట్టుకున్న ఆ చేతులు కడుపు మీదే ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా గలగల. కాసేపు తియ్యమంటే అత్త గిడ్డమ్మ ఒప్పుకోలేదు.

"కడుపుతో ఉండేదాన్ని గాజులు తియ్యమంటావా? నీ కోడలికి తీపిచ్చుకోపో."

"సరేలే అత్తా, నోరు మూసుకుంటా" అని రామేశ్వరమ్మ గాజులతోనే రికార్డు చేసి పంపింది.

మర్నాడు జవాబు వచ్చింది. గాజుల చప్పుడే తప్ప ఏమీ తెలియడం లేదు, ఈ వారంలోనే మళ్ళీ పంపమని. గిడ్డమ్మ నోటికి జంకి రామేశ్వరమ్మ రేపు, ఎల్లుండి అనుకుంది. అట్లా పది రోజులు, కురవని మబ్బుల్లా జరిగిపోయాయి. పదకొండో రోజు టమేటా చేనిలో భువనకు ఫిట్స్ వచ్చాయి. భువన బతికింది. కడుపులోని ఆడపిల్ల బతకలేదు.

ఇప్పుడు రామేశ్వరమ్మ సంచిలో ఒక పాత తువ్వాలు ఉంటుంది. రికార్డు చేసేముందు దాన్ని గాజుల చుట్టూ బిగించి కడుతుంది. ఏ అత్తా కాదనలేదు.

"ఆ పొద్దు తోచలేదు సార్. ఇంత చిన్న పని."

నేను లేచాను. ఆమె వాకిలి దాకా వచ్చి, భువన ఇల్లున్న వీధి వైపు చూడకుండా అంది:

"యాడన్నా ఎదురుపడితే, అన్నం తింటివా అక్కా అంటాది ఆ పిల్ల. ఒగ తిట్టన్నా తిట్టింటే బాగుండు సార్."