బావి ఈతగాడి కోసం విశాఖ తీరానికి

పోలీసు చర్య జరిగాక వచ్చిన రెండో వేసవిలో, మల్కాజ్‌గిరిలో మా పక్కింటి ఖాసిం సాహెబుకు విశాఖపట్నం నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి నౌకాదళ శిక్షణ కేంద్రంలో చేరిన తమ్ముడు రహీం, ఈత పరీక్షలో రెండుసార్లు తప్పాడట. మూడోసారి కూడా తప్పితే ఇంటికి పంపేస్తారు. నిజాం సైన్యాన్ని రద్దు చేసినప్పుడు ఖాసిం కొలువు పోయింది. ఆ ఇంటికి మిగిలిన ఆధారం రహీం ఉద్యోగమే. తోడు రమ్మని ఖాసిం అడగగానే, సర్వే శాఖలో సెలవు పెట్టి బయలుదేరాను.

సికింద్రాబాదులో సాయంత్రం ఐదింటికి రైలెక్కితే తెల్లవారేసరికి బెజవాడ. అక్కడ బండి మారితే పొద్దుగూకే వేళకు వాల్తేరు. సరిహద్దు దాటాక నిజాం నాణెమైన హాలీ సిక్కా చెల్లదు కనుక, దాన్ని మార్చి ముందే ఇండియా సర్కారు కల్దారు రూపాయలు తీసుకున్నాం. దారిపొడవునా ఖాసిం ఒళ్లో ఒక ఎండు సొరకాయ బుర్ర ఉంది. మా బావుల్లో ఈత నేర్చుకునేవాళ్లు మునగకుండా వీపుకు కట్టేది అదే. రహీం దానితోనే నేర్చుకున్నాడు.

మరునాడు ఉదయం పన్నెండణాలకు జట్కా మాట్లాడుకున్నాం. తోలేవాడు వెనక్కి తిరిగి, "ఆ బుర్రేటి బాబూ? సముద్రానికి దిష్టి తీత్తారేటి?" అన్నాడు. ఖాసిం కూడా నవ్వాడు.

కేంద్రం చాలా పెద్దది. సున్నం వేసిన సైనికుల బారకాసులు, నేల మీదే పాతిన ఓడ స్తంభం, ఆవల ఎండుచేపల వాసన వేసే జాలరిపేట. ఎనిమిదింటికి మమ్మల్ని ఒడ్డుకు పంపారు. పరీక్ష తొమ్మిదింటికి: దూరాన నిలిపిన పడవ నుంచి దూకి తిన్నగా ఒడ్డుకు రావాలి. రహీంకు బలం చాలినంత ఉందనీ, ఎప్పుడూ కుడికే తిరిగిపోతాడనీ శిక్షకుడు చెప్పారు.

ఖాసిం ముఖం వాడిపోయింది. "తప్పు నాదే సార్. గోడను ఎడమ చేతి దిక్కు పెట్టుకొని బాయి సుట్టు కుడికే తిరగమని నేనే నేర్పిన. గీడ గోడ యాడుంది?"

పొలంలో తిన్నని గీత గీయాలంటే మా సర్వేవాళ్లం ముందుగా ఎదుట ఒక జెండా పాతుతాం. ఆ మాటే శిక్షకుడికి చెప్పాను. ఒడ్డున మనిషి నిలబడకూడదని నియమమేమీ లేదని ఆయన నవ్వి, ఒడ్డున కనిపించే గుర్తును చూస్తూ రమ్మని రహీంకు కబురు పంపించారు. ఖాసిం తన ఎర్ర రుమాలును బుర్రకు చుట్టి, అక్కడున్న ఒక పడవ తెడ్డు చివర కట్టి పైకెత్తాడు.

రహీం దూకాడు. సగం దూరంలో కుడికి ఒరిగాడు. ఖాసిం అటు కదలబోతే భుజం పట్టుకుని ఆపాను. గుర్తు కదిలితే గీత వంకరపోతుంది. రహీం తల ఎత్తి చూశాడు, సర్దుకున్నాడు. కాసేపటికి అతని పాదాలు ఇసుకను తాకాయి.

ఒగరుస్తూ వచ్చి, "గా బుర్రను సుత రైలెక్కించినవా భయ్యా?" అన్నాడు.

"నువ్వు పరేషాన్ జేస్తివి గద, అందుకే తెచ్చిన," అన్నాడు ఖాసిం, కళ్లు తుడుచుకుంటూ.

బుర్ర మాతో తిరిగి రాలేదు. మా వైపు బావుల్లో ఈత నేర్చి వచ్చిన మరో ఇద్దరు కూడా కుడికే తిరుగుతున్నారనీ, వాళ్లకూ గుర్తుగా పనికొస్తుందనీ శిక్షకుడు దాన్ని అడిగి ఉంచుకున్నారు. ఇన్నేళ్లుగా పొలాల్లో జెండాలు పాతుతున్నా, ఒక గుర్తు మనిషికి ఎంత ధైర్యమిస్తుందో నాకు ఆ ఒడ్డునే తెలిసింది. మీ వాళ్లెవరైనా అక్కడ ఉంటే, వారి ద్వారా అనుమతి చీటీ ముందే తెప్పించుకుని ఎనిమిదింటికల్లా గేటు చేరండి. ఒడ్డున మాత్రం ఒక్కచోటే నిలబడండి. నీళ్లలో ఉన్నవాడు మీ కోసమే చూస్తుంటాడు.