నేను తీయించిన పేజీ

మా కింది అంతస్తు ఆయన పోయారని ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. సింగపూర్ టాంపినీస్‌లో తొమ్మిదేళ్లు ఒకే బ్లాకులో ఉన్నాం. ఆయన లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యారు, నేను గుంటూరులో ఒక కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇద్దరిలో జనానికి ఎక్కువ పనికొచ్చిందెవరో చెప్పనక్కర్లేదు.

ఆయన మలేషియాలో పుట్టినవారు. తాతల నాటి శ్రీకాకుళం మాటలో తమిళమూ మలయ్ భాషా కలిసిపోయేవి. లిఫ్టులో నిలబడితే తల కాస్త వంచి దాని చప్పుడు వినేవారు. నేను ఎక్కగానే "మకాన్ అయినాదా టీచరమ్మా?" అనేవారు, అన్నం తిన్నారా అని. "భోజనమైందండీ" అని దిద్దినట్టు జవాబిచ్చేదాన్ని. మర్నాడు మళ్లీ మకానే.

ఆదివారం తెలుగు బడి నేనే నడుపుతాను. పిల్లలు వేలితో అక్షరాలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆయన సొంతంగా రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు అని నెట్‌లో పెట్టారు. నాకు చూపించిన రోజున నా నోరు ఊరుకోలేదు.

"ఊరికే ఇచ్చేదానికి పూచీ ఎవరండీ? తలా ఓ చెయ్యి లోపల పెడితే అది మిగులుతుందా?"

"సెయ్యి ఎవులైనా పెట్టొచ్చు టీచరమ్మా. నాను సూసి సరే అన్నాకే లోపలికెల్తాది. మూసేసిన డబ్బాలో తప్పున్నా ఎవులికి తెలుత్తాది? లిఫ్టయినా తలుపు ఇప్పితేనే గదా జబ్బు కనిపించీది."

ఆయన కోరింది ఒక్కటే. "అంతా మీదే అనుకోండి. మొదట్లో పేరున్న పేజీ మటుకు ఉంచండి, సాలు."

ఆ ఒక్కటే నేను ఉంచలేదు. మా బడి పిల్లల తల్లిదండ్రులు బ్యాంకుల్లో, ఐటీలో పెద్ద ఉద్యోగాలవాళ్లు. మకాన్ అయినాదా అనే మనిషా మా పిల్లలకు అక్షరాలు నేర్పేది అంటారేమోనని నాకు నామోషీ. ప్రోగ్రాములు రాసే మా అల్లుడిని ఆ పేజీ తీసెయ్యమన్నాను.

"అత్తయ్యగారూ, లైసెన్స్‌లో క్లియర్‌గా ఉంది. ఏమైనా చేసుకోవచ్చు గానీ ఆయన పేరు తియ్యకూడదు."

"ఊరికే ఇచ్చినాయనకి షరతులు కూడానా బాబూ? ఇచ్చేశాక అది అందరిదీ."

అందరిదీ అన్న నోటితోనే, ఆ స్థానంలో బడి పేరూ దాని కింద నా పేరూ వేయించాను.

ఆ తర్వాత కూడా తప్పులు పట్టి పంపుతూనే ఉన్నాను. 'ఋ' మెలిక ఎటు తిరగాలి, 'ణ' ఎక్కడ మొదలుపెట్టాలి. వారం తిరక్కుండా సరిచేసి కొత్తది ఇచ్చేవారు. ప్రతి కొత్తదానిలోనూ ఆ పేజీ మళ్లీ ఉండేది. ప్రతిసారీ మళ్లీ తీయించేదాన్ని. ఆయన ఒక్క మాటా అనలేదు. గమనించలేదనుకున్నాను.

ఆయన్ని సాగనంపే రోజున బ్లాకు కింద, వాయిడ్ డెక్ అనే ఖాళీ చోటులో కుర్చీలు వేశారు. మలేషియాలోని జొహోర్ నుంచి వచ్చిన బంధువులకు కూతురు టాబ్లెట్ చూపిస్తోంది. "ఇది మా అప్పా చేసింది. తెలుగు బడి పిల్లలంతా దీంట్లోనే రాస్తారు." తెరిచింది మా బడి కాపీనే. తెర మీద నా పేరు వచ్చింది.

ఒక పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివి, "ఇది ఎవుల పేరే?" అంది.

కూతురు నా వైపు చూసింది. "ఇట్స్ ఓకే లా, ఆంటీ. అప్పాకి తెలుసు."



ఇంటికొచ్చి, తీయించడమే తప్ప ఎన్నడూ చదవని ఆ పేజీ తెరిపించాను. రెండే పంక్తులు. పైన ఆయన పేరు. కింద, అక్షరాలు దిద్దినవారు అని, ఇంటిపేరుతో సహా నాది.

ఇప్పుడు ఆ పేజీ మళ్లీ మొదట్లో ఉంది. దానితో నా తప్పు చెరిగిందని చెప్పుకునేంత సిగ్గుమాలిన దాన్ని కాను. ఆయన పేరు ఈ నాలుగు మాటల్లో రాయలేదు. అది ఉండాల్సిన చోట ఉంది, అక్కడ తెరిచి చదవండి.

మొన్న ఆదివారం పిల్లలు ఆ పేజీని ఒక్క వేలితో పక్కకు నెట్టేసి అక్షరాల్లోకి పోయారు. అయిదేళ్ల పాప ఒకతె మాత్రం అదే పాఠమనుకుని, ఆయన పేరులో మొదటి అక్షరం మీద వేలు పెట్టి దిద్దసాగింది. అది రాసే పేజీ కాదు, గీత పడదు. చెప్పబోయి ఆగాను. పాప నాలుక కొస బయటపెట్టి, శ్రద్ధగా, రెండో అక్షరానికి వచ్చింది.