లారీ ఎక్కిన జీపు

1955 వేసవి మొదట్లో నన్ను బేతంచెర్లకు వేశారు. హోదా ఉమెన్ అసిస్టెంట్ సర్జన్. చుట్టుపక్కల గని పల్లెల్లో గర్భిణులను చూడటం, కష్టమైన కాన్పులను కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చడం నా పని. అందుకు సర్కారు ఒక జీపునూ, డ్రైవరుగా మదార్ సాబ్‌నూ ఇచ్చింది. ఆడ డాక్టరుకు జీపెందుకు, ఎద్దుల బండి చాలదా అని జిల్లా కచేరీలో ఒకాయన అన్నాడట. వాళ్ల ఇంట్లో కాన్పుకు ముందు ఆయన ఎద్దుల బండి కట్టించి చూపిస్తే నేనూ కట్టించుకుంటానని కబురు పంపాను.

జీపు మంచిదే. టైర్లే అధ్వాన్నం. ఆ దారుల్లో మట్టి తక్కువ, గనుల్లో బండలు చెక్కగా రాలిన పెళ్లలు ఎక్కువ. ఒక్కో పెళ్ల అంచు కత్తిలా ఉండేది. నేను చేరేనాటికే టైర్ల మీద గాట్లు అరిగి నున్నగా అయ్యాయి. ఒకదానికి లోపలి గుడ్డ దారాలు కూడా బయటపడ్డాయి.

కొత్తవి అడిగితే ఇవ్వరు. పాతవి పనికిరావని కర్నూలు సర్కారు వర్క్‌షాపు సూపర్‌వైజరు స్వయంగా బండిని చూసి సంతకం పెట్టాలి. దాన్ని కండెం చేయడం అనేవాళ్లం. కండెం అయిన టైర్లు స్టోరుకు అప్పగిస్తేనే కొత్తవి చేతికొస్తాయి. నియమం సబబే. లేకపోతే మంచి టైర్లు కూడా రాత్రికి రాత్రే ఎవరి బండి కిందికో చేరిపోతాయి.

కర్నూలు అప్పుడు రాజధాని. ఆఫీసులు చాలావరకు గుడారాల్లో ఉండేవి. మదార్ సాబ్ జీపును బాలింతను నడిపించినట్టు నడిపించి అక్కడికి చేర్చాడు. సూపర్‌వైజరు రంగస్వామి పెద్దమనిషి, మర్యాదస్తుడు. టైర్ల చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచాడు.

“బండి దానంతటది నడిచొచ్చె కదమ్మా. నడిచొచ్చిన బండి టైర్లు పనికిరావని నేనెట్ల రాసేది?”

“మా ఆసుపత్రికి రోగులు కూడా నడిచే వస్తారండీ. నడిచొచ్చావు, నీకు జబ్బు లేదు పొమ్మంటానా?”

“రోగం మీ శాఖ, టైరు నా శాఖ. నడవకుండా పోయిన దినం తెచ్చి చూపించండి, రాస్తా.”

నడవని బండిని ఎలా తెచ్చేదని అడిగాను. ఆ సంగతి నియమంలో లేదన్నాడు. టైర్లు ఊడదీసి రైల్లో పంపుతానంటే, అవి ఏ బండివో తనకేం తెలుసన్నాడు. తిరుగు ప్రయాణంలో టైరు పేలింది. దాన్ని కుట్టించి వేస్తే ఊళ్లోకి వస్తూనే ఇంకొకటి పేలింది. జీపును ఆసుపత్రి ముందు బండల దొంతుల మీద నిలబెట్టాం.

ఇక్కడ సుంకులమ్మ గురించి చెప్పాలి. రైల్వే స్టేషను దగ్గర లారీలకు బండలెక్కించే ముఠాకు మేస్త్రీ ఓబులేసు. అతని కూతురీమె. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి, ఎద్దుల బండి ఆసుపత్రికి చేరకముందే పోయింది. ఈసారి కూడా బిడ్డ అడ్డంగానే ఉంది. చేత్తో సర్దితే మళ్లీ మొదటికే వచ్చింది. ఆపరేషను తప్పదని నాకు తెలిసిపోయింది. రైలుంది కదా అంటారేమో. డోను జంక్షనులో దిగి కర్నూలు బండికి కాచుకోవాలి. నొప్పులు రైళ్ల వేళలు చూసుకుని రావు. ముందుగానే చేరుద్దామంటే నొప్పులు మొదలుకాని మనిషికి ఆసుపత్రిలో మంచం లేదన్నారు. రాళ్ల లారీ కుదుపులకు ఆమెను అప్పగించే ధైర్యం నాకు లేదు. నెలలు నిండుతున్నాయి. జీపేమో బండల మీద కూర్చుంది.

ఒక ఉదయం స్టేషను వైపు వెళ్తూ ఓబులేసు ముఠా పని చూశాను. అక్కడ లారీ తొట్టి ఎత్తుకు సమానంగా రాతి దిబ్బ ఉంటుంది. లారీని వెనక్కి తెచ్చి దానికి ఆనిస్తారు. బండను దిబ్బ మీది నుంచి దుంగల మీద దొర్లించి నేరుగా తొట్టిలోకి తోస్తారు. నాకు జీపు గుర్తొచ్చింది.

“జీపును లారీకెక్కించేదా?” అన్నాడు ఓబులేసు. “ఊరంతా నగుతారమ్మా!”

“నగనీ. వాళ్ల నవ్వుకు భయపడి నీ బిడ్డను ఎద్దుల బండెక్కిస్తావా?”

అతను నవ్వడం మానేశాడు. మూతి తుడుచుకుని, “జీపు మీద గీత పడితే మమ్మల్ననగూడదు” అన్నాడు.

మర్నాడే జీపును దిబ్బ మీదికి లాక్కెళ్లారు. బండలకు పాడే కూతలే పాడుతూ తొట్టిలోకి తోశారు. చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, మోకులతో బిగించారు. అసలు చిక్కు మదార్ సాబ్‌తో వచ్చింది. సర్కారు డ్రైవరు లారీ క్లీనరు పక్కన కూర్చుంటే పరువేం కావాలని అతని బాధ.

“నేను ఆడ కూసోనమ్మా. నా బండిలోనే కూసుంటా.”

అలాగే కూర్చున్నాడు. యూనిఫాం వేసుకుని, లారీ మీది జీపులో, స్టీరింగు పట్టుకుని. వీధుల్లో జనం పని మానుకుని చూశారు. “ఏమప్పా సాబూ, పెట్రోలు శానా మిగుల్తాందే!” అని ఎవరో అరిచారు. మదార్ సాబ్ తల తిప్పలేదు. మలుపు వచ్చినప్పుడల్లా స్టీరింగు మాత్రం తిప్పాడు.

వర్క్‌షాపు ముందు లారీ ఆగింది. నేను ముందు సీట్లోంచి దిగాను. రంగస్వామి బయటికి వచ్చాడు, వెనకే మెకానిక్కులందరూ వచ్చారు. మదార్ సాబ్ పైనుంచే సెల్యూటు కొట్టాడు.

“నడవకుండా పోయింది. తెచ్చి చూపిస్తున్నాను” అన్నాను. “టైర్లు ఏ బండివో అనుమానముంటే పైకెక్కి చూసుకోండి.”

ఆయన తలెత్తి జీపునూ, అందులోని మదార్ సాబ్‌నూ చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. చివరికి కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. “దింపండిరా, డాక్టరమ్మ గెలిచింది” అని, కండెం కాగితం మీద సంతకం పెట్టాడు.

స్టోరు గుమాస్తా ఒక అధికారి జీపు నుంచి తీసిన సగం అరిగిన టైర్లు అంటగట్టబోయాడు. ఆ అధికారి కొత్త టైర్లేసుకుని తారు రోడ్డు మీద ఎవరికి కాన్పు చేస్తాడని అడిగాను. రంగస్వామే లోపలికి వెళ్లి కొత్తవి తెప్పించాడు. మదార్ సాబ్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, ఈసారి నేల మీదే జీపును తోలుకొచ్చాడు.

సుంకులమ్మకు నొప్పులు పగటిపూటే వచ్చాయి. దారిలో టైరు పేలలేదు, జీపు ఆగలేదు. కర్నూల్లో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఓబులేసు మనవరాలిని చూసి, “జీపమ్మ అని పెడదామా, డాక్టరమ్మా?” అన్నాడు. “పెట్టు. పెద్దదై నిన్ను ఏం పెట్టి కొడుతుందో చూద్దాం” అన్నాను.

ఆ తర్వాత రంగస్వామి పల్లె ఆసుపత్రుల బండ్లను తానే వచ్చి చూసేవాడు. ఆయనకు ఎవరూ ఆ ఆజ్ఞ ఇవ్వలేదు.

నియమం అడ్డొచ్చినప్పుడు తిట్టి లాభం లేదని నేను అక్కడ నేర్చుకున్నాను. దాన్ని అక్షరాలా పాటించి, పెట్టినవాడి గుమ్మం ముందు దించాలి. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఉద్యోగం చాలించేదాకా ఏ ఊళ్లో ఛార్జి తీసుకున్నా, మందుల బీరువా తెరిచేముందు వంగి టైర్ల మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని.