యాదమ్మక్క ఏరిన బియ్యం

నిన్న మధ్యాహ్నం భోజనంలో పంటికింద రాయి కలుక్కుమంది. పక్కవాళ్ళు వంటమనిషిని తిట్టడం మొదలుపెట్టారు. నాకు మాత్రం యాదమ్మక్క గుర్తొచ్చింది.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్తలో సామాన్లు మోసేవాళ్ళకూ డ్రైవర్లకూ ఆమె మెస్సు నడిపేది. మహేశ్వరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన నన్ను, వంట తప్ప ఏ పనీ రాని ముప్పై ఏళ్ళదాన్ని, పనిలో పెట్టుకుంది. ఆమెకు లూపస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బట. ఎండ పడేది కాదు, కీళ్ళు పట్టేసేవి. ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతూనే పని చేసేది. ఎంత ఏరినా ఒకటీ అరా మిగులుతాయంటూ, నేను ఏరిన బియ్యాన్ని తాను మళ్ళీ ఏరనిదే ఎసట్లో పోయనిచ్చేది కాదు. నాకు ఒళ్ళు మండేది, దాచడమెందుకు!

రెండు మూడేళ్ళు గడిచాక అన్నంలో రాళ్ళు రావడం మొదలైంది. ఒకరోజు ఓ డ్రైవర్ కంచం తోసేసి లేచిపోయాడు. అక్క అందరి ముందూ నా మీద పడింది. "కండ్లు యాడ వెట్టి ఏరినవే? చాతగాకుంటె ఇంటికి పో!" మర్నాడు పని మానేస్తానని చెప్పడానికే వెళ్ళాను. ఆమె చాట ముందేసుకొని కూర్చుంది. నల్లరాయి కళ్ళెదుటే ఉంది. వేళ్ళు దాన్ని దాటిపోయాయి.

"అక్కా, గీడ రాయి ఉన్నది గద."

"యాడ?" తల పక్కకు తిప్పాక గానీ కనిపించలేదు. చెయ్యి ఆగిపోయింది. "సూటిగ జూస్తె కనవడ్తలేదే సుజాతా" అంది మెల్లగా.

ఆరాంఘర్ మీదుగా బస్సులో దవాఖానకు తీసుకెళ్ళాను. డాక్టరు పాత చీటీలు తిరగేసి, "ఈ మాత్రలు వాడుతుంటే ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలని రాశారు కదమ్మా?" అన్నాడు. "మంచిగనే కనవడుతుండె సార్, ఎందుకని పోలే" అంది అక్క. ఆ మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే కొందరికి చూపు దెబ్బతింటుందట, మనకు తేడా తెలిసేలోపే అది పరీక్షలో బయటపడుతుందట. మాత్ర మారుస్తామన్నారు, పోయిన చూపు మాత్రం తిరిగి రాదన్నారు. తిరుగు బస్సులో నేనే ఏడ్చాను.

మర్నాడు మెస్సు నిండా జనం. అక్క గరిటె పట్టుకొని వాళ్ళ నడుమ నిలబడింది. "జర ఇనుండ్రి. రాళ్ళు వచ్చుడు సుజాత తప్పు గాదు. నా కండ్లు ఖరాబైనయి, నాకే ఎరుక లేకుండె. ఉత్తగ దాన్ని గన్ని మాటలంటి." తింటున్న చేతులు ఆగాయి. చూపు సరిగా లేని మనిషి వంట రేపటి నుంచి ఎవరు తింటారన్న భయం ఆమెకు లేకపోలేదు. అయినా చెప్పింది.

ఇప్పుడు విమానాశ్రయంలో శుభ్రం చేసే ఆడవాళ్ళకు నేను సూపర్‌వైజర్‌ని. తొందరపడి వాళ్ళను నలుగురిలో తిట్టిన రోజులున్నాయి. తప్పు నాదేనని తెలిశాక పక్కకు పిలిచి, టీ తాగించి, "మనసులో పెట్టుకోకు" అంటాను. తిట్టిన చోటే నిలబడి ఒప్పుకోవడానికి నాకింకా ధైర్యం చాలదు. తన చూపు పోయిందని తెలిసిన మర్నాడే యాదమ్మక్క ఆ పని చేసింది.