కొక్కెం కిర్రుమన్న చోట

బర్మా రాజధానిలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైలు పట్టాల పక్క మేడ మూడో అంతస్తులో, ఒకే ఒక గదిలో హైమ పాటలు కట్టేది. బాణీ లండన్‌ది, మాటలు బర్మావి. కాపీ పాటలనేవారు వాటిని. తలుపులన్నీ మూసుకున్న ఆ దేశంలోకి క్యాసెట్లు ఓడ పనివాళ్ల సంచుల్లో వచ్చేవి. వాటిలో ఒక గాయని గొంతంటే హైమకు ప్రాణం. ఆవిడ తన పాట తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుంటుందట. అట్ట మీద చంకలో పిల్లతో నవ్వుతూ ఉండేది. హైమ భర్త దండాసి రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆ అట్టను గోడకు అంటించింది అతనే. "మీ లండనప్ప" అనేవాడు.

హైమ పాటలు టీ కొట్లలో, బస్సుల్లో మోగేవి. వాటిలో ఒక్కటి మాత్రం ఏ ఓడలోనూ రాలేదు.

కూతురు తార నెలల పిల్లగా ఉన్నప్పుడు దూలానికి కొక్కెం దించి, పాత చీరతో ఉయ్యాల కట్టారు. ఊగి వెనక్కి తిరిగే చోట కొక్కెం కిర్రుమనేది. హైమ కూనిరాగం అక్కడ ఆగి, ఆ కిర్రుకు దారిచ్చి, మళ్లీ సాగేది. ఊపగా ఊపగా, ఒక వానాకాలం గడిచేసరికి, అది పాటై కూర్చుంది.

రికార్డింగ్ గది యజమాని ఊ ట్విన్ విని, "ఇది ఏ క్యాసెట్‌లోది, మ హైమా?" అన్నాడు, బర్మా మర్యాద ప్రకారం పేరుకు ముందు 'మ' చేర్చి.

"నాదే."

ఆయన మర్యాదగా నవ్వాడు. గిటారు వాయించేవాడు ఆ ఆగే చోటు ఎందుకు, తీసేద్దామన్నాడు. హైమ ఒప్పుకోలేదు. ఆ పాట క్యాసెట్ అట్ట మీద మాత్రం 'బాణీ: లండన్' అని అచ్చయింది.

అందుకు ఆమె బాధపడలేదు. దండాసి కూడా నమ్మకపోవడమే ముల్లులా మిగిలింది.

"రేడియోలో ఎప్పుడో ఇనుంటావే. నీకే గుర్తు నేదు."

"ఉయ్యాల కాడ కట్టినాను మావా."

"మరి నాకెందుకు ఇనపడనేదు?"

"నువ్వు గుర్రెట్టినావు. ఆ గుర్రుకైతే ఇంకో పాట కట్టొచ్చు."

అతను నవ్వేసేవాడు. ఏళ్లు గడిచినా ఆ నవ్వు మారలేదు. పరాయి బాణీలు మోసిన గొంతులో ఒక్కటి తనదని, ఆ గదిలోనే పడుకునే మనిషికి తెలిస్తే చాలనుకునేది హైమ.

ఎనభై ఎనిమిది ఆగస్టులో సమ్మె మొదలై షెడ్డు మూతపడింది. సైనిక పాలన పోవాలంటూ పనివాళ్లు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. దండాసీ వెళ్లాడు. మధ్యాహ్నం తడిసి ముద్దై మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏటైంది?" అంది హైమ.

"తామ్వే కాణ్ణుంచి నీ పాటే పాడుతున్నారే. మాటలు మార్సీసినారు, బాణీ నీదే. వేల మంది. అందరూ ఒక్క సోట ఆగిపోతన్నారు, ఎవులూ సెప్పకండానే." ఊపిరి తీసుకున్నాడు. "ఆ సోట నాకు మన కొక్కెం ఇనపడింది."

హైమ కిటికీ దగ్గరికి నడిచింది. కింద వీధి మలుపులో హోరు మొదలైంది.

తుపాకులు ఇంకా ఆ వీధికి రాని మధ్యాహ్నం అది. కిటికీలోంచి చూస్తే నేల లేదు, వానలో కదిలే తలలే. పసిపిల్ల కోసం గొంతు తగ్గించి పాడుకున్న రాగం నది వెడల్పున వస్తోంది. ఇంత పెద్దదా తను కట్టింది? ఇన్నాళ్లూ ఈ గదిలో ఎలా పట్టింది?

అంతలో ఆ చోటు వచ్చింది. వేల గొంతులు ఆగాయి. ఎత్తిన పాదాలు ఆగాయి. వాన ఒక్కటే వినిపించింది.

ఆ ఖాళీలో, ఆమె వెనక, కిర్రుమంది.

దండాసి స్టూలెక్కి ఉన్నాడు. ఉయ్యాల కొక్కేనికి వేలాడే గొడుగులు తీసి కింద పడేసి, కొక్కేన్ని చేత్తో ఊపాడు.

"నానా, పడిపోతావు" అంటూ తొమ్మిదేళ్ల తార స్టూలు పట్టుకుంది.

పాట మళ్లీ సాగింది. అతను చెయ్యి తియ్యలేదు. కొక్కేన్ని పట్టుకుని, చెవులు వీధికి అప్పగించి, మళ్లీ ఆగే చోటు కోసం ఎదురుచూస్తున్నాడు.