లేవని కాళ్ళను నాటకమన్నారు

నడుము కింద చచ్చుబడిపోయిన నా భార్యను చూసి, పట్నంలో చదివొచ్చిన డాక్టరు అదంతా నాటకమని తేల్చాడు. ఆమె వింటూ ఉండగానే అన్నాడు.

మాది బట్లహళ్ళి దగ్గర పట్టుపురుగులు సాకే ఇల్లు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, పట్టుకు గిరాకీ ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి పురుగుల గది ఆమెదే. ఆ వేసవిలో ఆమె రెండు బుగ్గల మీద, ముక్కు మీదుగా ఎర్రటి దద్దు లేచింది. ముఖాన మచ్చ ఉన్నవాళ్ళు గదిలో అడుగుపెడితే పురుగు మేత మానేస్తుందని మా ఇళ్ళల్లో పట్టింపు. మా అమ్మ ఆమెను గడప బయటే ఆపింది.

"మొగం నయమయ్యేదాకా తోటలో ఆకు కొయ్యి తల్లీ."

మల్బరీ తోటలో నీడెక్కడిది? ఎండలో నిలబడిన ప్రతిరోజూ దద్దు ఇంకా మండేది, సాయంత్రానికి జ్వరం, వేళ్ళ కణుపుల్లో వాపు. దద్దు తగ్గలేదు కాబట్టి మా అమ్మ మళ్ళీ తోటకే పంపేది.

ఒక పొద్దున నడుము చుట్టూ తాడు బిగించినట్టుందని చెప్పింది. మరునాడు మంచం దిగలేదు, ఒంటికీ పోలేదు. గిల్లి చూస్తానని చెప్పి నేను ఆమె పాదం గట్టిగా గిల్లాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ, "గిల్లతానంటివే, యాడ గిల్లతాండావు?" అంది.

పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులో ఆమెను పడుకోబెట్టి చింతామణి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా బస్సు ఆగేది. ఆగినప్పుడల్లా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి. ఆ డాక్టరు ఆమె కాళ్ళు అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"ఎముక ఇరగలా, దెబ్బ తగల్లా. పని ఎక్కువైతే ఆడోళ్ళకిట్లా వస్తాదప్పా. తోట మాన్పించు, లేచి పరిగెత్తుతాది."

మా అమ్మ ఆ మాటను వదల్లేదు. "నాకూ నేర్పియ్యమ్మా ఈ జబ్బు, రవంత సేపు పండుకుంటా" అని మంచం పక్కనే నిలబడి అనేది. చూడవచ్చినవాళ్ళూ అదే పాట. అందరూ అనీ అనీ చివరికి ఆమెకే అనుమానం పుట్టింది.

"కాలు నిజంగానే రాదా, నేనే రానీకుండా ఉండానా? నాకే తెలీడంల్యా. నువ్వైనా ఎవర్నైనా అడిగి కనుక్కో."

ఆ జవాబు నేను తేకముందే వీపంతా పుండ్లు పడి, జ్వరం ముదిరి ఆమె కన్నుమూసింది.

నేను చదివింది వీధిబడి వరకే. ఆమె అడిగిన దాని కోసమే కన్నడం, తర్వాత ఇంగ్లీషు కూడబలుక్కుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళకు బెంగళూరులో ఒక డాక్టరు చెప్పాడు: ఆ దద్దూ, ఆ వాపులూ, పడిపోయిన కాళ్ళూ ఒకే జబ్బయి ఉండవచ్చట. పేరు లూపస్. వెన్నుపాముకే వాపు తెస్తుందట. ఎండ దానికి అసలు పడదట.

అక్కడి నుంచి నేరుగా చిక్కబళ్ళాపురం పోయాను. నవ్విన డాక్టరు ముసలివాడై అక్కడ కొడుకింట్లో ఉన్నాడు. జబ్బు పేరు చెప్పి, ఆమె ఆడింది నాటకమా అని అడిగాను. ఆయన తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"కాదప్పా. మాకు తెలీనిదాన్నంతా ఆ కాలంలో మేము నాటకమనే అంటా ఉంటిమి."